గోడ మీద గీసిన దారులు

చిరంజీవి మునిచంద్రకు,

అమ్మ ఆశీస్సులు నాయనా. ఇక్కడ మేమంతా క్షేమం. నీ ఒంట్లో బాగుందనీ, వేళకు ఇంత తింటున్నావనీ తలుస్తాను. మస్తాన్ వలి గారి చేతికిచ్చి పంపిన ఉత్తరం అందింది. ఆయన వాళ్ల ఉబేద్‌ను చూడడానికి మీ హాస్టల్‌కు వచ్చి, తిరుపతిలో దిగీ దిగగానే మన ఇంటికే వచ్చాడు పాపం. గాజుల కొట్టు కూడా ఇంకా తెరవలేదు. "మీ పిల్లోడు పంపించినాడు మేడం, వాడి రూమ్మేటు మావాడే కదా" అని ఉత్తరమూ, ఒక చిన్న పొట్లమూ నా చేతిలో పెట్టి, కాఫీ తాగమంటే వినకుండా వెళ్లిపోయాడు. పొట్లం సంగతి తర్వాత రాస్తాను.

ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఉత్తరమెందుకు అంటావేమో. వార్డెన్ గది ముందు వరసలో నిలబడి, వెనక పిల్లలంతా తమ వంతు కోసం తోసుకుంటూ ఉంటే నువ్వు చెప్పేది "బాగున్నానమ్మా, తిన్నానమ్మా" అని. నేనేమో "మార్కులెన్ని?" అంటాను. ఫోను పెట్టేశాక మీ నాయన అడుగుతాడు, "ఏమన్నాడు?" అని. ఏమీ అనలేదని చెప్పడానికి నోరు రాక, బాగున్నాడంట అంటాను. ఈ కాగితం మీద వెనక నిలబడి వినేవాళ్లు లేరు.

మీ నాయన మోకాలు ఎలా ఉందని అడిగావు. ఇంకా వాపు తగ్గలేదు. ఎక్కువసేపు నిలబడవద్దని డాక్టరు చెబితే ఈయన, "నిలబడకుండా కండక్టరు పని ఎట్ల జేసేది సార్? పాసింజర్లు నా కాడికి నడిసొచ్చి టికెట్లు తీసుకుంటారా?" అన్నాడట. చివరికి డిపో వాళ్లే దయతలచి బస్టాండులో విచారణ కౌంటరులో కూర్చోబెట్టారు. రోజంతా కాళహస్తి బస్సు యాడ, చిత్తూరు బస్సు యాడ అని అడిగేవాళ్లకు చెప్పీ చెప్పీ, ఇంటికొచ్చాక నేను ఉప్పు డబ్బా ఎక్కడని అడిగినా ప్లాట్‌ఫారం నంబరు చెబుతున్నాడు.

మా బడిలో దారులు గీసే పని ఎంతవరకు వచ్చిందనీ అడిగావు. దారి మార్చుకున్న పిల్లల్ని మిగతా పిల్లలు ఏమంటారనీ అడిగావు. ఆ రెండో ప్రశ్న మొదటిసారి చదివినప్పుడు మామూలుగానే అనిపించింది. కొడుక్కి నా పని మీద ఆసక్తి ఉందని మురిసిపోయాను కూడా. చూడు, నీకు చదువు చెప్పిన అమ్మ ఎంత మొద్దో.

మా తిరుచానూరు బడి పిల్లల సంగతి నీకు తెలిసిందే. పూలు కట్టేవాళ్ల పిల్లలు, లాడ్జీల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, ఆటోవాళ్ల పిల్లలు. కార్తీకంలో అమ్మవారి బ్రహ్మోత్సవాలు వచ్చాయంటే సగం తరగతి కనబడదు. తిరిగొచ్చేసరికి పాఠం ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. ఏమీ అర్థంకాక కొన్నాళ్లు గోడకానుకుని కూర్చుంటారు, ఆ తర్వాత కూర్చోవడం కూడా మానేస్తారు. వాళ్లు చదువు వదిలేయడం నేను చాలాసార్లు చూశాను, ఎవరూ చెప్పి వదలలేదు.

అందుకే ఎండాకాలం సెలవుల్లో నేనూ మీ నాయనా కూర్చుని ఆ పటం వేశాం. ఉపాయం ఆయనదే. "తిరపతి నించి మద్రాసుకు నగరి మింద పోవచ్చు, కాళాస్త్రి, తడ మింద పోవచ్చు. నడాన దిగి టీ తాగి ఎనకొచ్చే బస్సెక్కినా మద్రాసు యాడికీ పోదు గదా పంకజా" అన్నాడు. సరే అని, నేను ప్రతి పిల్లనూ ముందు ఎక్కడికి చేరాలనుందో అడిగాను. మిస్బా అనే పిల్ల రవికల కుట్టు కొట్టు పెడతానంది. ఆ పిల్లకు కొలతలు, జ్యామితి ముందు. లోహిత నర్సు అవుతానంది. దానికి భిన్నాలు, నిష్పత్తులు, ఇంగ్లీషులో మందుల పేర్లు. ఒకే పుస్తకమే గానీ ఒక్కొక్కరికి ఒక్కో వరస. ఉత్సవాలకు పోయి వచ్చినవాళ్లు ఎక్కడ ఆగారో అక్కడే మళ్లీ ఎక్కొచ్చు. గోడ నిండా పెద్ద చార్టు అంటించి, అట్టముక్కల మీద పిల్లల పేర్లు రాసి, వాళ్లు ముందుకు పోయే కొద్దీ ఆ పేర్లను జరుపుతూ వచ్చాను. చూడడానికి వచ్చిన అధికారులు ఫోటోలు తీసుకున్నారు. నాకూ కాస్త తల పైకి లేచిందిలే.

నీ ఉత్తరం వచ్చిన వారంలోనే లోహిత తప్పిపోయింది.

కంగారుపడకు, దొరికింది. జరిగిందేమిటంటే, ఆ పిల్లకు భిన్నాలు అసలు రావడం లేదని కనిపెట్టాను. అరమాత్ర, పావుమాత్ర లెక్క తెలియని నర్సు చేతిలో రోగి ఏం కావాలి? ఆరో తరగతి పాఠాల నుంచి మళ్లీ మొదలుపెడదామని చెప్పి, నవ్వుతూనే, తరగతి అంతా చూస్తుండగా దాని పేరు తీసి వెనక్కి పెట్టాను. నా లెక్కలో అది మంచి పనే. సాయంత్రానికి ఆ కబురు వాళ్లమ్మ నిర్మలమ్మ పూల అంగడికి చేరింది. ఎవరో మూర మల్లెలు కొంటూ "మీ పాపను ఆరో క్లాసుకు దించేసినారంటనే!" అన్నారట. నిర్మలమ్మ ఇంటికి పోయి కూతుర్ని దులిపేసింది. "బడికి పొయ్యి ఎనక్కి నడిసేదానికి, ఈడ కూసోని పూలు కట్టే" అని. మర్నాడు పొద్దున పిల్ల యూనిఫారం వేసుకుని బయల్దేరింది. బడికి రాలేదు.

మధ్యాహ్నం నిర్మలమ్మ చేతిలో సగం కట్టిన దండతోనే తరగతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నా బిడ్డ యాడ టీచర్?" అంది. చంద్రా, పాఠం అక్కడే వదిలేసి బయటికి వచ్చాను. కొందరు రైలు పట్టాల వైపు పరుగెత్తారు. ఎందుకు అటు పరుగెత్తారో ఎవరూ నోరు తెరిచి అనలేదు. నేను మీ నాయనకు ఫోను చేశాను. ఆయన కండక్టర్లందరి గ్రూపులో పెట్టాడు, ఆకుపచ్చ యూనిఫారం, రెండు జడలు, ఒంటరిగా ఉన్న పాప కనబడితే చెప్పండప్పా అని. పొద్దువాలుతుండగా ఒక కండక్టరు చెప్పాడు, అలాంటి పాప తడలో దిగిందని. తడలో వాళ్ల మేనత్త ఒక కంపెనీలో పనికి పోతుంది. నేను, నిర్మలమ్మ, మోకాలు ఈడ్చుకుంటూ మీ నాయన, ముగ్గురం పోయాం.

పిల్ల మంచం మీద కూర్చుని పెరుగన్నం తింటోంది. నిర్మలమ్మ ముందు ఒక్కటి వేసింది, తర్వాత వాటేసుకుని బోరుమంది. నేను దాని పక్కన కూర్చుని, పాత లెక్కలకే అంత భయమా తల్లీ అన్నాను.

"పాత లెక్కలు మళ్లా సేసేదానికి బయం లే టీచర్" అంది తల వంచుకుని. "నా పాటికి నేను సేసుకుంటాను. అందురూ సూస్తా ఉంటే నా పేరు ఎనక్కి పెట్టినారు గదా. అట్ల పొయినోళ్లు మళ్లా ముందరికి ఎట్ల వచ్చేది మీరు గీయనే లేదు."

నిజమే. ఎండాకాలమంతా కూర్చుని గీసిన పటంలో అన్ని బాణాలూ ముందుకే ఉన్నాయి.

తిరిగొచ్చే బస్సులో ఆ పిల్ల వాళ్లమ్మ ఒళ్లో నిద్రపోయింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది నాయనా, నీ రెండో ప్రశ్న. దారి మార్చుకున్న పిల్లల్ని మిగతావాళ్లు ఏమంటారమ్మా అని. ఆ వెంటనే నువ్వు ఉత్తరం చివర అడిగిన ఇంకో ప్రశ్న. ఫ్లెక్సీ ఇంకా ఉందా అని.

ఉండింది. నువ్వు అడిగేనాటికి మన వీధి మలుపులో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉండింది. "కాబోయే డాక్టర్ మునిచంద్రకు శుభాకాంక్షలు" అని మీ గిరిప్రసాద్ మామ కట్టించింది. నీ బొమ్మ కంటే మామ బొమ్మే రెండింతలు పెద్దది, మెడలో స్టెతస్కోపు ఒక్కటే తక్కువ. మనం అప్పుడు ఎంత నవ్వుకున్నామో! నువ్వు నవ్వలేదని ఇప్పుడు గుర్తొస్తోంది. ఆ దారిన పాలకు పోతూ, బడికి పోతూ రోజూ దాన్ని చూసి నేను సంబరపడ్డాను. నువ్వు అక్కడ కూర్చుని రోజూ దాన్ని తలచుకుని భయపడుతున్నావని నాకు తట్టలేదు.

మస్తాన్ వలి గారు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఒక మాట అన్నాడు. ప్రతి సోమవారం పరీక్ష పెట్టి, వచ్చిన మార్కుల్ని బట్టి మీ మెడలో వేసుకునే ట్యాగు రంగు మారుస్తారట కదా. "మీవాడిది నీలం పొయ్యి పసుపు వచ్చినాదంట, మావాడు సెప్పినాడు. ఏం కాదులే మేడం, మావాడిది ఎప్పుడూ పసుపే" అని నవ్వాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. నువ్వు ఆ సంగతి ఫోనులో చెప్పలేదు, ఉత్తరంలో రాయలేదు. రాసిందల్లా "నేను బాగానే ఉన్నాను" అని. నీ చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నప్పుడే నువ్వు ఆ మాట ఎక్కువసార్లు అంటావు.

ఇక పొట్లం. అందులో నీ చేతి గడియారం ఉంది. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మీ నాయన కొనిచ్చింది. "ఇక్కడ గంటలు కొడతారు, నాకు అవసరం లేదు, నాయనకు ఇవ్వు" అని చీటీ. స్నానానికి కూడా విప్పనని గొడవచేసిన వాడివి కదరా! దాన్ని వంటగదిలోకి తీసుకుపోయాను. బియ్యం డబ్బాలో దాచాను. మీ నాయనకు చూపించలేదు. చూపిస్తే నా భయం నిజమైపోతుందనిపించింది.

తడ నుంచి వచ్చిన మరుసటి రోజు పొద్దునే ఆ గడియారం తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "వాడేం జదివినా, ఏం జదవకపొయినా నాకు పర్లేదు పంకజా. వాణ్ణి సూడాల" అన్నాడు. మీ నాయన ఏడవడం మా మామగారు పోయినప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడు.

మామ దగ్గరికీ పోయాను. ఫ్లెక్సీ తీసెయ్ గిరీ అంటే, "అపశకునం అక్కా! దిష్టి తగలకుండా నిమ్మకాయ గూడా కట్టినానే" అని మొదలుపెట్టాడు. "నా బిడ్డ దాన్ని సూసి బయపడతాండాడురా" అన్నాను. అంతే. నిచ్చెన తెచ్చుకుని తానే ఎక్కి తాళ్లు కోశాడు. వీధిలో ఎవరో ఏమప్పా తీసేస్తాండావు అంటే, "నా బొమ్మ బాగా రాలేదప్పా, అందుకని" అన్నాడు. మీ మామను మనం ఎన్ని అన్నా, ఆ మాటకు నేను ఆయనకు రుణపడ్డాను.

మా బడిలో కూడా చార్టు తీసేశాను. పిల్లలతో ఒక్కొక్కరితో వరండాలో విడిగా కూర్చుని మాట్లాడుతున్నాను. శనివారం మాత్రం అందరం వెనక్కి పోయే రోజు అని పెట్టాను. ఫస్టు వచ్చే పిల్లతో సహా ప్రతి ఒక్కరూ తమకు రాని పాతదేదో ఒకటి పట్టుకుని కూర్చోవాలి. టీచరుకు కూడా మినహాయింపు లేదు. మొన్న మొదటి శనివారం నేను లోహిత దగ్గర పూలు కట్టడం మొదలుపెట్టాను. నేను కట్టిన దండ ఎత్తి పట్టుకుంటే పూలన్నీ రాలిపోయి దారం మిగిలింది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. లోహిత భిన్నాలు మొదలుపెట్టింది. ఇంకా తప్పులు చేస్తోంది, చేయనీ.

ఇంతవరకు రాసి పెన్ను కింద పెట్టి మళ్లీ తీశాను. దాచి పెట్టింది ఇక చెప్పేయాలి.

ఈ ఉత్తరం నేను తిరుపతిలో రాయడం లేదు చంద్రా. పైన ఇక్కడ అంతా క్షేమం అని రాశానే, ఆ ఇక్కడ అనేది మీ హాస్టల్ గేటు. గేటుకు ఎదురుగా టీ బంకు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. తన మోకాలు ఇంత దూరం ఓర్వదని, మీ నాయనే డ్రైవరుతో చెప్పి నన్ను ముందు సీటులో కూర్చోబెట్టి పంపాడు. పొద్దున నువ్వు ఉబేద్ పక్కన నడుస్తూ మైదానం దాటి తరగతికి పోవడం కమ్మీల్లోంచి చూశాను. చిక్కిపోయావు. పిలవబోయి నోరు మూసుకున్నాను. అందరి ముందూ అమ్మ వచ్చి ఏడ్చి పట్టుకుపోయిందని రేపు నిన్ను ఎవరూ అనకూడదు. ఒక పిల్ల విషయంలో ఆ పొరపాటు చేశాను, అది చాలు. నువ్వు తరగతిలో ఉన్నావని బంకు మనిషి చేత మళ్లీ మళ్లీ కనుక్కుంటూ, ఈ కాగితాలు నింపుతున్నాను.

ఒక మాట సూటిగా అడుగుతాను. అడగకుండా ఉండలేను. చచ్చిపోవాలని అనిపిస్తోందా నాయనా? ఇదంతా ఉత్త భయమైతే, పిచ్చి అమ్మ అని నవ్వుకో, ఎన్నాళ్లైనా ఎగతాళి చెయ్యి. నిజమైతే నాకు చెప్పు. నేను కేకలు వేయను. ఏడవనని మాత్రం చెప్పలేను, ఏడుస్తూనే వింటాను. తలనొప్పికి డాక్టరు దగ్గరికి పోయినట్టే దీనికీ పోదాం. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అంతవరకు నిన్ను ఒంటరిగా వదలను.

వార్డెన్‌తో ఒక అబద్ధం చెప్పాను. ఇంట్లో ఎవరికో బాగాలేదని చెబుదామనుకున్నాను గానీ, అబద్ధానికి కూడా ఎవరి ప్రాణాన్నీ అడ్డం పెట్టబుద్ధి కాలేదు. ఇప్పుడు నా మనసు అలా ఉంది. అందుకని, నీ చిన్నప్పటి మొక్కు ఒకటి తీరకుండా ఉండిపోయింది, తలనీలాలు ఇవ్వాలి అన్నాను. ఆయన చేతులు జోడించి, "కొండ కిందే ఉండి ఇన్నాళ్లు మొక్కు తీర్చకపోవడం ఏంటమ్మా! స్వామి పనంటే ఆపడానికి నేనెవర్ని" అని వారం రోజులు సెలవు రాసిచ్చాడు. ఉబేద్‌కూ, మిగతా పిల్లలకూ నువ్వు చెప్పాల్సింది అదే, మొక్కు ఉంది అని. గుండు మాత్రం నిజంగానే కొట్టించాల్సి వస్తుందేమో, నన్ను తిట్టుకోకు. ఈ ఉత్తరాన్ని విప్పకుండా, టీ వేళకు నీ చేతికే ఇస్తానని మాట ఇచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు.

వారం తర్వాత ఏమిటని ఇప్పుడు ఆలోచించకు. డాక్టరే కావాలనుంటే మళ్లీ ఇక్కడికే రావచ్చు, లేదా ఇంట్లో కూర్చుని మెల్లగా చదివి వచ్చే ఏడు ప్రవేశ పరీక్ష రాయొచ్చు. చెట్లంటే నీకు ఇష్టం, వ్యవసాయం చదువు ఉంది. తిరుపతిలో డిగ్రీ ఉంది. ఏదీ తోచకపోతే కొన్నాళ్లు ఏదీ తోచకుండానే ఉండు. ఊరి పిల్లలందరినీ ఎక్కడికి చేరాలనుందో అడిగాను. నిన్ను మాత్రం అడగలేదు, ఫ్లెక్సీ మీద రాసి ఉందిగా అనుకున్నాను. ఇంటికి పోయాక అడుగుతాను. తెలియదు అన్నా అది జవాబే.

సాయంత్రం బస్సుకు మీ నాయన రెండు సీట్లు చెప్పి ఉంచాడు. ఈరోజు కాదంటే రేపటి బస్సు. రేపూ కాదంటే ఈ ఊళ్లోనే గది తీసుకుంటాను, నువ్వు ఊఁ అనేదాకా రోజూ ఈ బెంచీ మీదే ఉంటాను. బంకు మనిషి నన్ను చూసి ఇప్పటికే, "ఇక్కడ ఉద్యోగంలో చేరారా మేడం?" అంటున్నాడు.

గంట కొట్టారు. వార్డెన్ గేటు దగ్గరికి వస్తున్నాడు, ఉత్తరం ఇచ్చేయాలి. దీనికి జవాబు రాయొద్దు నాయనా. కారణం చెప్పనక్కర్లేదు, ముఖం కడుక్కోనక్కర్లేదు, పుస్తకాలు తెచ్చినా తేకపోయినా సరే. చెప్పులు వేసుకుని గేటు దాటి రా.

ఇట్లు,
రోడ్డుకు ఇవతల కూర్చున్న
మీ అమ్మ,
పంకజాక్షి